పెట్టె మీద నీ పేరు

మావా,

మొన్న నీ సంవత్సరీకం అయిపోయింది. ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక, నిన్న నీ పుస్తకాల పెట్టె పట్టుకుని ఇచ్ఛాపురం తమ్ముడింటికి వచ్చేశాను.

పూండి టేసన్లో సామాన్లు తూచే గుమస్తా అడిగాడు.

"ఈ పెట్టె ఎవుల్దమ్మా? పేరు సెప్పు."

నువ్వు బతికుండగానే నీ పేరు నా నోట రాలేదు, ఇప్పుడెలా వస్తుంది? "బడి పంతులుగారిది" అన్నాను.

"ఏ పంతులమ్మా? ఊరికొకడున్నాడు" అని కసిరాడు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. వాడి చేతిలో సుద్దముక్క లాక్కుని పెట్టె మీద నీ పేరు ఇంగ్లీషులో రాశాను. పేరు చివర, పైన చిన్న కొక్కెం. దాని పక్కన ఎస్సు.

"కొక్కెం ఎట్టకపోతే వస్తువు ఎవుల్దో తెల్దే" అని పలక మీద ఎన్నిసార్లు దిద్దించావు! పొయ్యి దగ్గర పనుందని విసుక్కునేదాన్ని. మర్చిపోలేదు, చూశావా.

గుమస్తా వంగి, బళ్లో హాజరు పిలిచినట్టు నీ పేరు గట్టిగా చదివాడు. ఏడాదై ఆ పేరు అలా ఎవరూ పిలవలేదు.

నేను గబుక్కున గేటు వైపు తిరిగి చూశాను, మావా.