రెండు సర్వర్లు, ఒకే గేట్‌పాస్ డేటాబేస్

ఖిదిర్‌పూర్, 2006, బుధవారం రాత్రి

చున్నీకి నెత్తురు చూసి, నేను ఎవడితోనో తిరిగి గొడవ తెచ్చుకున్నానని అమ్మ తేల్చేసింది. “మిషను ముందు కూకునే ఉజ్జోగానికి నెత్తురేటే?” అని నాన్న వెటకారం. ఆ నెత్తురు ఆఫీసులో నాకు పని నేర్పిన బెంగాలీ అన్న తపన్‌దాది.

మా ఓడరేవు ఆఫీసులో డాక్ కూలీల గేట్‌పాస్‌ల డేటాబేస్ రెండు సర్వర్లలో ఒకే పేరుతో ఉంది. ఒకటి అసలుది, ఒకటి పరీక్షలకు. పేరు మారిస్తే ప్రోగ్రాం నడవదు. కనీసం రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ వద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. “కిచ్ఛు హోబే నా, ఏమీ అవదు” అని తపన్‌దా నవ్వేవాడు.

ఇవాళ పరీక్షలదనుకుని అసలుదాన్ని తుడిచేశాడు. గేటు దగ్గర మిషనులో ఒక్క కూలీ పేరూ కనబడలేదు. దొంగ పాస్‌లని కాపలావాళ్లు లాఠీలతో బాదారు. మా వీధి అప్పలసామి బాబాయి చెయ్యి విరిగింది. కూలీలు మా గదిలోకి దూసుకొచ్చి, “మా పేర్లేటి సేసినావురా” అంటూ స్టూలుతో తపన్‌దా నుదురు పగలగొట్టారు. నా చున్నీతోనే కట్టు కట్టాను.

నిన్నటి బ్యాకప్‌తో పేర్లన్నీ వెనక్కి తెచ్చాను. బాబాయి చెయ్యి మళ్లీ బస్తా ఎత్తుతుందో లేదో...

సాయంత్రం ఆస్పత్రి నుంచి తపన్‌దా ఫోన్ చేశాడు. “సోమవారం వచ్చేస్తా. నా పాస్‌వర్డ్ ముట్టుకోకు.”

రేపు అసలు సర్వర్‌లో అతని ఖాతా తీసేస్తాను.