విమానం కాటా

అంతర్జాతీయ విమానాశ్రయం,
చరిత్ర ప్రదర్శన విభాగం,
ఫిబ్రవరి 6, 2024.

చింతపండు టోకు వర్తకులు, రాయగడ, శ్రీ సత్తిబాబు గారికి,

నమస్కారం. మూతపడిన మా పాత విమానాశ్రయంలో సామాను తూచే ఉద్యోగం చేసిన కీ.శే. సూర్యారావు గారు మీ తండ్రి అని తెలిసింది. 1973లో అక్కడి తూకం యంత్రం ఒకటి ఆయన వెంట రాయగడ చేరినట్టు మా రికార్డుల్లో ఉంది. సదరు యంత్రం ప్రస్తుతం ఎవరి అధీనంలో, ఏ స్థితిలో ఉందో పది రోజుల్లో తెలియజేయగలరు.

భవదీయ,
బిందుశ్రీ,
విభాగాధికారి.

రాయగడ,
ఫిబ్రవరి 12.

మహారాజశ్రీ మేడం గారికి సత్తిబాబు దండాలు.

తమరి రిజిస్టరు ఉత్తరం అందింది. అందరికీ అందింది. పోస్ట్‌మ్యాన్ లక్ష్మణుడు సంతకం పెట్టించుకుంటూ "ఇమానాల ఆఫీసట! ఏటి సేసేరు బాబూ?" అని బజారంతా వినేలా అడిగాడు. మధ్యాహ్నానికల్లా మా నాన్న ఏకంగా విమానాన్నే ఎత్తుకొచ్చాడని ప్రచారమైపోయింది.

మేడం గారూ, మా నాన్న పోయి పదకొండేళ్లయింది. ఆయన దొంగ కాదు. ఆ కాటా వేలంపాటలో కొన్నానని ఆయనే చెప్పగా విన్నాను. రసీదు కోసం మూడు పెట్టెలూ అటకా వెతికాం. మా ఆవిడ గౌరీశ్వరికి పెళ్లినాటి చెవిదిద్దు దొరికింది గానీ రసీదు దొరకలేదు.

ఫోను చేయకుండా ఉత్తరమే రాస్తున్నాను. నోటిమాటకి సాక్ష్యం ఉండదు కదా. తప్పులుంటే మన్నించాలి. నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు నాన్న నేర్పాడు కాబట్టి అక్షరాల తప్పులు ఆయనవే. దొంగతనం మాత్రం ఆయనది కాదు.

ఇట్లు, ఇంతకంటే వినయంగా రాయలేని
సత్తిబాబు.

తా.క.: ఆ కాటా మా దగ్గర లేదు. ఉన్నా పాడైపోయింది. పాడవలేదనుకున్నా ఇప్పుడు దానిమీద చింతపండు ఉంది, దించడం కుదరదు.

అంతర్జాతీయ విమానాశ్రయం,
ఫిబ్రవరి 20.

గౌరవనీయులైన సత్తిబాబు గారికి,

అయ్యో! మిమ్మల్ని దొంగ అన్నదెవరండీ? నా ఉత్తరంలో ఆఫీసు భాష ఎక్కువైంది, క్షమించండి.

మా కొత్త విమానాశ్రయంలో అన్నీ ఉన్నాయి. మనం నిలబడితే చాలు, మోసుకుపోయే దారులున్నాయి. స్నానాల గదులు, ప్రార్థన గది, పసిపిల్లలకి పాలిచ్చే గది ఉన్నాయి. వాచీలు అమ్మే కొట్లే పదకొండు. లేనిదల్లా పాతకాలం గుర్తు ఒక్కటి. అందుకే ఒక ప్రదర్శనశాల కడుతున్నాం. మీ కాటాని అందులో గాజు పెట్టెలో, మీ నాన్నగారి పేరుతో పెట్టాలని నా కోరిక. బదులుగా మీకు కొత్త ఎలక్ట్రానిక్ కాటా ఇస్తాం.

మార్చి 4న మా మెకానిక్ సాయిరాం పరిశీలనకు వస్తారు. అంతా బాగుంటే వ్యానులో తీసుకొస్తారు.

నమస్కారాలతో,
బిందుశ్రీ.

తా.క.: విమానం పోయినట్టు మా రికార్డుల్లో ఎక్కడా లేదు. బజారులో చెప్పండి.

రాయగడ,
మార్చి 6.

అమ్మి బిందుశ్రీకి,

మేడం అని రాసే ఓపిక అయిపోయింది. మావైపు ఆడపిల్లని ఇలాగే పిలుస్తాం, ఏమీ అనుకోకు.

పరిశీలన అనే మాట మా బజారుకి పడదమ్మా. కొట్లమీద దాడికొచ్చేవాళ్లు కూడా ఆ మాటే అంటారు. మొన్న సాయిరాం వచ్చే రోజు తెల్లారేసరికి గౌరీశ్వరి వెళ్లి కాటామీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ముందు నన్ను తూసి, అప్పుడు దీన్నట్టుకెల్లండి!" అంది. నారాయణపట్న కొండల నుంచి అమ్మడానికి చింతపండు తెచ్చిన జయంతి బుట్ట దించి సాయిరాం దారికి అడ్డంగా నిలబడింది. "ఈ కాటా పోతే నానెక్కడికెల్లాల? దీని సెయ్యి మంచిది" అంది. ఆవిడ ఆరు కొట్లు దాటుకుని మా కొట్టుకే వస్తుంది. వాళ్ల అమ్మా అలాగే వచ్చేది.

నిజం చెప్పనా? నాకూ ఇవ్వాలని లేదు. మా నాన్న ఒక్కసారీ విమానం ఎక్కలేదు, ఎక్కేవాళ్ల పెట్టెలు తూచాడు. కొట్టు కట్టేవేళ ఆ కాటామీద చెయ్యేసి కబుర్లు చెప్పేవాడు. అప్పట్లో ఒకరు ప్రయాణమైతే ముప్పైమంది దండలతో వచ్చేవారట. చూడ్డానికే టికెట్టు కొనుక్కుని విమానాశ్రయం మేడమీదికెక్కి, విమానం చుక్కయ్యేదాకా చేతులూపేవారట. మా బజారు పిల్లలందరినీ పుట్టినరోజుకి ఆ కాటా ఎక్కించి "ఇమానం బయల్దేరిపోతంది, ఏ ఊరెల్తావురా?" అని అడిగేవాడు. నేను ప్రతి ఏడూ పర్లాకిమిడి అనేవాణ్ణి. అక్కడ మా అమ్మమ్మ ఉండేది.

అసలు సంగతికొస్తాను. గౌరీశ్వరిని బతిమాలి దించాక సాయిరాం తను తెచ్చిన తూకం గుండు పెట్టి చూశాడు. "కాటా తప్పు చూపిస్తోంది" అని నా చెవిలో చెప్పి, ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

మా బజారుకో కట్టుబాటుంది. ఆరితే తగ్గుతుందని, తూచిన ప్రతి బుట్టకీ రెండు కిలోలు తరుగు కోసేస్తాం. నాన్నా కోసేవాడు. ఊరందరికీ ధర్మం చెప్పే మనిషి ఆ పని చేస్తుంటే నాకు చిన్నప్పుడు చాలా కోపం వచ్చేది. అడిగితే "కొయ్యరా సత్తీ, కొయ్యకపోతే బజారు ఊరుకోదు" అన్నాడు. ఇప్పుడు కాటా కూడా తప్పంటే, కొండ దిగి వచ్చేవాళ్లని రెండు రకాలుగా కోశామన్నమాట. నాన్నే దాన్ని తిప్పాడా? గుండు పెట్టి చూసుకునే ధైర్యం నాకు లేదు. దొంగ కాదని అంత గట్టిగా రాశాను. నిజం ఏదైనా సరే, దాచకుండా రాయి.

ఇట్లు,
సత్తిబాబు.

తా.క.: కాటా పట్టుకుపోండి. దానిమీద ఇక నేను తూచలేను. జయంతి బుట్ట తూచకుండా అలాగే ఉంచాను. సాయిరాం మా ఇంట్లో ఆరు గారెలు తిన్నాడు, వాటిని లంచం కింద రాయకు.

అంతర్జాతీయ విమానాశ్రయం,
మార్చి 18.

బాబాయి గారికి,

అమ్మి అన్నారు కాబట్టి నేనూ వరస కలిపేశాను.

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు పాత ఫైళ్ల గదిలోనే ఉన్నాను. వేలంపాట కాగితం దొరికింది. కాటా మీ నాన్నగారు కొన్నదే, దొంగసొత్తు కాదు. ఆ కాగితంలో ఇలా ఉంది: "దోషం: ఎంత పెట్టినా రెండు కిలోలు ఎక్కువ చూపును. ప్రయాణికుల ఫిర్యాదులపై తొలగించడమైనది." సాయిరాం పెట్టింది ఇరవై కిలోల గుండు. ముల్లు ఇరవైరెండు దగ్గర ఆగిందట.

ఆ కాగితం కింద మీ నాన్నగారు స్వయంగా రాసిన నాలుగు ముక్కలున్నాయి. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఈ కాటా రెండు కిలోలు ఎక్కువ చూపునని నాకు తెలుసు. తెలిసే కొంటున్నాను. దయచేసి బాగు చెయ్యవద్దు. మా రాయగడలో కొండవాళ్ల బుట్టకి రెండు కిలోలు కోసేస్తారు. కొయ్యనంటే బజారులో కొట్టు పెట్టనివ్వరు. అందుచేత."

బాబాయి గారూ, ఇది చదివి నా సీట్లోనే ఏడ్చేశాను. పక్కవాళ్లు ఏమైందని అడిగితే కాటా అని చెప్పాను. వాళ్లకేం అర్థమైందో నాకు తెలియదు.

గాజు పెట్టె ఆలోచన మానుకున్నాను. రిజిస్టరులో ఇలా రాశాను: "పరిశీలనలో సదరు యంత్రం ఇంకా ఉద్యోగం చేస్తున్నట్టు తేలింది. కనుక ప్రదర్శనకు తీసుకోవడం కుదరదు." మా పెద్దాఫీసరు చదవకుండానే సంతకం పెట్టేశారు.

జయంతి గారి బుట్ట తూచండి.

మీ అమ్మి,
బిందుశ్రీ.

తా.క.: చదివాక ఈ ఉత్తరం చించెయ్యండి. తరుగు మాత్రం రెండు కిలోలూ కొయ్యండి, బజారంతా చూసేలా కొయ్యండి.