లోపాల ఇచ్చిపుచ్చుకోలు

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే మీకు నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. మీ కుశలం సంగతి నాకింకా తెలీదు కదా. మొన్న మీ దగ్గర కళ్ళజోడు చేయించుకుంటూ, కొలతలు తీస్తున్న మిమ్మల్ని పట్టుకుని "మా తమ్ముణ్ణి చేసుకుంటావా అమ్మాయ్?" అని అడిగేసిన ఆవిడ మా అక్క. ఆ తమ్ముణ్ణి నేను. పెద్ద బిల్డింగులు కట్టేచోట టవర్ క్రేన్ నడుపుతాను. నెలాఖరు ఆదివారం మీ ఇంటికి వచ్చి కలవాలని పెద్దవాళ్ళు తేల్చేశారు.

ఈలోగా నాదో మనవి. మంచి గుణాలు అందరూ చెప్పుకుంటారు. మనం మాత్రం ఎదుటివాళ్ళు మొహం తిప్పుకునే గుణాలు ముందే రాసేసుకుందాం. ఇప్పటికి ఇద్దరు నన్ను చూసి వద్దన్నారు. మళ్ళీ ఎదురుగా కూర్చుని ఆ మాట వినడం నావల్ల కాదు. ఉత్తరంలో అయితే క్రేన్ క్యాబిన్‌లో చదువుకుంటాను, అక్కడ నా మొహం ఎవరికీ కనపడదు.

నా గుణం ఇది. కింద నుంచి మనిషి చెయ్యి ఊపితే సామాను ఎత్తుతాను, అరచెయ్యి చూపిస్తే ఆపుతాను. ఏళ్ళ తరబడి అదే పని కావడంతో, ఇప్పుడు ఎవరు చెయ్యి ఊపినా నా ఒళ్ళు మాట వినేస్తుంది. మా అమ్మ ఈగను తోలితే నేను చేతిలో ఉన్న బకెట్టు కింద పెట్టేస్తాను. కిందటిసారి ఆ అమ్మాయి చేతులు తిప్పుతూ ఏదో కబురు చెప్పింది. నేను టీ కప్పు ఎత్తాను, దించాను, కుడికి తిప్పాను, ఎడమకి తిప్పాను. చివరికది వాళ్ళ నాన్నగారి ఒళ్ళో దిగింది.

ఇట్లు,
క్రేన్ మీద మనిషి

తా.క. గాలిలో అరిచి అరిచి నా గొంతు పెద్దదైపోయింది. ఈ ఉత్తరం మాత్రం మెల్లగానే రాశాను.

*

ఆకాశంలో ఉండే మీకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నోరు తెరుచుకుని ఉండిపోయాను. షాపు ఓనరు వచ్చి "ఒంట్లో బాగాలేదా తల్లీ?" అనేదాకా నాకు తెలీలేదు. మా ఇంట్లో మగవాళ్ళు చెవిలో అరిచినా వినరు. మీరు చేత్తో చెప్పినా వింటారా! దీన్ని లోపమంటారా! మా అమ్మకి చదివి వినిపిస్తే, ఆవిడ మా నాన్నకేసి ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాది వినండి మరి. ఎవరి అద్దాల మీద మరక కనిపించినా నా చేతులు ఊరుకోవు. ఒకసారి బస్సులో పక్కసీటాయన నిద్రపోతున్నాడు. అద్దాల నిండా వేలిముద్రలు. ముక్కు మీంచి మెల్లగా తీసి, తుడిచి, మళ్ళీ పెట్టేశాను. ఆయన లేచి కిటికీలోంచి చూసి "అరె, ఈ రోడ్డుకి ఎప్పుడు రంగులేశారు?" అన్నాడు.

నాకూ ఒక సంబంధం తప్పిపోయింది. అబ్బాయి అద్దాలు తుడిచాను, అంతటితో ఊరుకుంటే పోయేది. వాళ్ళమ్మగారివి కూడా తుడిచాను. అప్పుడావిడకి నేను స్పష్టంగా కనిపించాను. వద్దన్నారు.

ఇట్లు,
అద్దాలు తుడిచే అమ్మాయి

తా.క. మీకు కళ్ళజోడుందా? ఉంటే ఆదివారం గట్టిగా పట్టుకుని కూర్చోండి.

*

అద్దాలమ్మాయి గారికి నమస్కారాలు.

నాకు కళ్ళజోడు లేదు. లేనందుకు మొదటిసారి బాధపడ్డాను.

నిద్రపోతున్న మనిషి ముక్కు మీంచి అద్దాలు తీసి, లేపకుండా తిరిగి పెట్టడం! ఇనప దూలాన్ని దాని చోట్లో దించేటప్పుడు నేను ఊపిరి బిగబట్టి చేసే పని అది. అదీ నాకు కదలని క్రేన్ ఉంది. మీరు గతుకుల రోడ్డు మీద బస్సులో చేశారు. ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని దండం పెట్టాను.

ఇంకో గుణం దాచాను, చెప్పేస్తాను. నాకు గురక. మామూలు గురక కాదు. నేను పడుకున్నానంటే పక్కింటివాళ్ళు వాన వస్తోందని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటారు. మా ఇంటి పైవాటాలో అద్దెకున్నవాళ్ళు మంచం కాళ్ళ కింద గుడ్డలు పెట్టుకున్నారు, అది నడుస్తోందని.

ఇట్లు,
ఉరుముల మనిషి

తా.క. మా మేస్త్రీ అద్దాలు చూస్తే మీకు రెండు రోజులు పని. ఆయన నన్ను చూసి ఊపే చెయ్యి కూడా ఆయనకు కనపడదనుకుంటాను.

*

ఉరుముల మనిషికి నమస్కారాలు.

ఇంత గురక లోకంలో ఉంటుందని నాకు తెలీదు. మనిషి గుండెల్లో అంత చోటుంటుందా అని ఆశ్చర్యం. భయపడ్డానని మాత్రం అనుకోకండి. మా వీధి చివర పిండిమర ఉంది. నాలుగు రోజులుగా మధ్యాహ్నం భోజనం వేళ అక్కడి బెంచీ మీద పడుకుని నిద్రపోవడం నేర్చుకుంటున్నాను. మొదటిరోజు తలనొప్పి వచ్చింది. నిన్న మర ఆపేస్తే ఉలిక్కిపడి లేచాను. అంటే అలవాటైపోయినట్టే కదా. జుట్టు నిండా పిండితో షాపుకెళ్తే మా ఓనరు "ఒక్కపూటలో ఇంత ముసలైపోయావేంటి?" అన్నాడు.

మీరు ఇంత పెద్దది ఒప్పుకున్నాక నేను చిన్నదాంతో సరిపెట్టుకుంటే ఏం మర్యాద? నాకు అలక ఎక్కువ. అలిగితే నెల్లాళ్ళు మాట్లాడను. ఒకసారి మా అన్నయ్యతో అలిగాను. ఎందుకో ఇద్దరం మర్చిపోయాం. అయినా నెల పూర్తి చేశాను.

ఇట్లు,
నోరు బిగించే అమ్మాయి

తా.క. పిండిమర ఆవిడ అడిగింది, అబ్బాయి ఎలా ఉంటాడని. వినడానికి మీ మరలాగే ఉంటాడని చెప్పాను.

*

నోరు బిగించే అమ్మాయి గారికి నమస్కారాలు.

కారణం మర్చిపోయాక కూడా నెల నిలబెట్టారా! నేను ఎత్తిన బరువుల్లో అంత బరువు లేదు.

ఆ నెల్లాళ్ళు ఎలా బతకాలో ఇప్పటినుంచే సాధన మొదలుపెట్టాను. నిన్న క్యాబిన్‌లో వాకీటాకీ కట్టేసి, పొద్దుటి నుంచి ఒక్క మాట వినకుండా, అనకుండా కూర్చున్నాను. పని చేతి సైగలతో నడుస్తుంది కదా అనుకున్నాను. కింద వాళ్ళకి నేను పోయానేమోనని అనుమానం వచ్చింది. పని ఆపి అందరూ తలలెత్తి చూశారు. మేస్త్రీ టోపీ తీసి గుండెలకి పెట్టుకున్నాడు. అప్పుడు నేను తుమ్మాను.

ఇంకోటి కూడా ఉంది. నేను తప్పు చేశానని జన్మలో ఒప్పుకోను. కేలెండర్ మంగళవారమంటే, నేను కాదు, నాకు సెలవుండే బుధవారమని వాదించి ఆ రోజు పనికి పోలేదు. క్షమించమన్న మాట నా నోట రాదు.

ఇట్లు,
మొండిమనిషి

తా.క. మౌనంలో మీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. అలిగినా పర్లేదు, ఉత్తరాలు మాత్రం ఆపకండి.

*

క్రేన్ మీద ఉండే మీకు,

ఈసారి నవ్వు రాలేదు. మొదట చెయ్యి, తర్వాత గురక, ఇప్పుడు మొండితనం. ఉత్తరం ఉత్తరానికీ మీ లోపం పెరుగుతోంది. నేను వద్దంటే మీ పని తేలికవుతుందని నన్ను భయపెడుతున్నారా? అదే అయితే సూటిగా చెప్పేయండి. మూడో మనిషి వద్దందని మీరు ఎవరికైనా చెప్పుకోవచ్చు, నేనేమీ అనను.

నేను మాత్రం పోస్టుమ్యాన్‌కి ఎదురెళ్ళి ఉత్తరం లాక్కుంటున్నాను. మీరు రాకపోతే ఆ ఆదివారం ఎలా గడుస్తుందో నాకు తెలీదు. గురకతో బతుకుతాను, మొండితనంతో బతుకుతాను. అబద్ధమాడే మనిషితో మాత్రం బతకలేను. నిజం చెప్పండి.

ఇట్లు,
మీ జవాబు కోసం చూసే అమ్మాయి

*

అమ్మాయి గారికి,

చేతి సంగతి నిజం. మిగతావన్నీ అబద్ధం. నాకు గురక లేదు. తప్పు చేస్తే వెంటనే క్షమించమంటాను, చెయ్యకపోయినా అంటాను.

నా లోపాన్ని మీరు ఒక్క మాటతో మంచి గుణం చేసేశారు. తర్వాత మీ లోపం మీరొక్కరే పట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది. తోడుగా ఒకటి కల్పించాను. మీరు ఇంకోటి చెప్పారు, నేను ఇంకోటి కల్పించాను. మిమ్మల్ని వదిలించుకోవాలని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

నా అబద్ధం కోసం మీరు పిండిమరలో నిద్ర నేర్చుకున్నారు. అది తలుచుకుంటే నాకు తిండి సహించడం లేదు. నాకోసం ఇంత చేసిన మనిషిని నేను చూడలేదు. కానీ మీరు బతకలేనన్న మనిషిని నేనే. ఆదివారం రాను. మీ చేత ఆ మాట అనిపించుకోలేను.

క్షమించండి.

ఇట్లు,
అబద్ధాల మనిషి

తా.క. మళ్ళీ క్షమించండి. ఇందాకటిది చాల్లేదనిపించింది.

*

మీకు,

ఈ ఉత్తరం పోస్టులో రాలేదని గమనించే ఉంటారు. తాడుకి కట్టి పైకి లాక్కునే భోజనం సంచిలో, డబ్బా కింద పెట్టాను. సంచి నా చేతికివ్వడానికి మీ మేస్త్రీ ఒప్పుకున్నాడు, పాపం మంచివాడు.

మీ అక్కయ్య ఫ్రేమ్ వదులైందని వారం కిందటే షాపుకొచ్చారు. మీ గురక గురించి మెల్లగా అడిగాను. "వాడా! ఊపిరుందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాం" అన్నారు. అంటే ఆ నవ్వు రాని ఉత్తరం రాసేటప్పటికే నాకు తెలుసు. తెలిసి కూడా, మీ నోటితో చెబుతారా లేదా అని నిలదీశాను. చెప్పారు. సంబంధం పోతుందని తెలిసి చెప్పారు. ఆ ఉత్తరం పట్టుకుని నేను ఏడ్చాను.

ఇప్పుడు నాది. నాకు అలక లేదు. మా అన్నయ్యతో మాట్లాడకుండా టీ చల్లారేదాకా కూడా ఉండలేను. అబద్ధమాడే మనిషితో బతకలేనని రాసిన చెయ్యి, అంతకు ముందే మీకు అబద్ధం రాసిన చెయ్యి. మీరు నాకు తోడు కల్పిస్తే, నేను మీకు కల్పించాను. ఎవరూ ఇష్టపడని గుణం ఏదంటే ఇదేనేమో, మనిద్దరికీ సమానంగా ఉంది. ఇంక మూడోవాళ్ళని ఎందుకు పాడుచేయడం?

నెలాఖరుదాకా ఆగడం నావల్ల కాలేదు. ఇప్పుడు క్రేన్ కిందే నిలబడి ఉన్నాను. మెడ పట్టేసేలా పైకి చూస్తున్నాను. మీరు ఇంత ఎత్తున ఉంటారని ఉత్తరాల్లో ఎక్కడా రాయలేదేం? నేను రాసిన ప్రతి చిన్న మాటా అంత దూరం ఎక్కి వచ్చిందా?

ఇట్లు,
మీరు సరేనంటే, మీ మనిషి

తా.క. జవాబు రాయొద్దు, వచ్చి చెప్పండి. నాకేం తొందర లేదు, మెట్లు చూసుకుని దిగండి.