సాయంత్రం ఆరింటి గెంతుల మీద ఫిర్యాదు

రిసాలి సెక్టార్, భిలాయి
17 మే 2026, ఆదివారం మధ్యాహ్నం

కింది ఇంటి సూర్యావతి అత్తకి,

పై ఇంటి ఛాయ నమస్కారాలు. మీరూ, గణపతిరావు మావయ్యా, వెంకట్ భయ్యా క్షేమమని తలుస్తాను. తలచక్కర్లేదు కూడా, పొద్దున్న మీ వంటింట్లో వేసిన ఇంగువ పోపు మా మంచాల దాకా వచ్చింది. మేమూ క్షేమం. మర్యాద అయిపోయింది, ఇక విషయంలోకి వస్తాను.

మా అమ్మకి అన్యాయం జరిగింది. చేసింది మీరు. మా ఇంట్లో రోజూ సాయంత్రం ఆరింటికి గెంతుతున్నారనీ, నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషికి నిద్ర లేకుండా పోతోందనీ, వెంటనే ఆపించమనీ బ్లాక్ కమిటీకి సంతకం పెట్టి ఫిర్యాదు ఇచ్చారు. కమిటీ సెక్రటరీ నరసింగరావు గారు ఆ కాయితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, చూడు బేటీ, స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర రాత్రంతా కాగొచ్చిన మనిషి నిద్ర చెడగొట్టడం మన కాలనీలో ఎన్నడూ లేదు అని నాకు నీతులు చెప్పి వెళ్ళారు. అది జరిగి రెండు వారాలు. ఆ రెండు వారాలూ అమ్మ ఒక్క గెంతు గెంతలేదు.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. తలుపు కొడితే స్నానంలో ఉన్నానని లోపల్నించి అరుస్తారు. రోజుకి ఎన్ని స్నానాలు చేస్తారత్తా, అదీ నీళ్ళు ఒక్కపూటే వచ్చే ఎండాకాలంలో. అందుకని రాసి తలుపు కింద తోస్తున్నాను. హిందీలో అయితే ఇంకా బాగా తిట్టగలను గానీ, మీరు నేర్పిన అక్షరాలతోనే మిమ్మల్ని నిలదియ్యాలనిపించింది. పుట్టిన దగ్గర్నించీ మిమ్మల్ని నువ్వు అన్నదాన్ని, ఈ ఉత్తరంలో మాత్రం మీరు అంటున్నాను. కోపంలో ఉన్నానని మీకు తెలియాలి.

ముందు ఆ ఫిర్యాదు అబద్ధమని రుజువు చేస్తాను. మావయ్య డ్యూటీ దిగి పొద్దున్న పడుకుంటారు, మధ్యాహ్నం భోజనానికి లేస్తారు. సాయంత్రం ఆరింటికి ఆయన ఇంట్లోనే ఉండరు, మార్కెట్లో టీ కొట్టు బల్ల మీద ఉంటారు. మొన్న నేనే వెళ్ళి అడిగాను, మావయ్యా, మా గెంతులకి నీ నిద్ర పోయిందా అని. ఏటి గెంతులమ్మా అని నన్నే తిరిగి అడిగారు. తర్వాత టీ తాగమన్నారు. తాగలేదు. అవతలి పక్షం టీ నేను తాగను. మావయ్యకి తెలియని నిద్రాభంగం గురించి మీరు సంతకం పెట్టారన్నమాట. ఎందుకు పెట్టారు?

అమ్మ సంగతి మీకు తెలియనిదా అంటే అదీ కాదు. డాక్టర్ దగ్గరికి మీరే కదా తోడొచ్చారు. షుగరు దిగడం లేదు, లివర్‌కి కొవ్వు పట్టింది, వానాకాలం వచ్చేలోగా బరువు తగ్గించకపోతే మాత్రల్తో సరిపోదు, ఇన్సులిన్ సూదే అని ఆయన చెప్తుంటే మీరు అమ్మ పక్కనే కూచున్నారు. సూదికి నేను భయపడను. మా అమ్మమ్మని తలుచుకుని భయపడతాను. బొబ్బిలిలో ఆవిడకి షుగరు ముదిరి పాదం తీసేసినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆవిడ మంచం కింద రెండు చెప్పులూ ఉండేవి. ఒకటి అరిగిపోతూ ఉండేది, రెండోది కొత్తగానే ఉండేది. అమ్మని ఆ మంచం మీద నేను చూడలేను. నా గొడవంతా ఇదే, ఇంకేం లేదు.

బయట నడిపించవే అంటారు అందరూ. మే నెలలో భిలాయిలో నడవమని చెప్పేవాళ్ళు ముందు తాము నడిచి చూపించాలి. పొద్దున్న ఏడు కొట్టేసరికే వడగాలి. పోనీ తెల్లారకుండా వెళ్దామంటే మరోదా రోడ్డు మొత్తం కుక్కలవి. జిమ్ముకి అమ్మ చచ్చినా రాదు. అందుకని ఇంట్లోనే, ముందుగదిలో సోఫా గోడకి జరిపి, నేను క్లాసు పెట్టాను.

పుస్తకాల మేళాలో తెచ్చుకున్న హిందీ కరపత్రం ఒకటి నా దగ్గరుంది, ఎనిమిది పేజీలది, మీకూ చూపించాను, మీరు దాంతో విసురుకున్నారు. పరుగెత్తడానికి యంత్రం అక్కర్లేదు, చెమటకి రుసుం లేదు, గుండెని కదిలించు, కొవ్వు కరుగుతుంది అని ఉంది అందులో. నాకు ఒళ్ళు పులకరించింది. డంబెల్సు, ప్రోటీను డబ్బాలు, అద్దాల గదులు, ఇవన్నీ ఉన్నవాళ్ళవి. గెంతడం అందరిదీ. ఉన్నచోటే పరుగు, చేతులు పైకెత్తి కాళ్ళు చాపుతూ గెంతడం, తాడాట. దీన్నే కార్డియో అంటారు. అమ్మ మొదట్లో బాగానే చేసింది. నాలుగు రోజులు కాగానే సాకులు. గెంతే ముందు బాత్రూం, గెంతిన వెంటనే బాత్రూం. బాగా నీళ్ళు తాగమని కరపత్రంలో ఉంటే, మధ్యాహ్నం నించీ గొంతు తడుపుకోదు. ఎందుకమ్మా ఈ మొండితనం అంటే, నాకు దాహం లేదే, నీకెందుకేటి అంటుంది. నాన్న ఒక్క మాట సాయం రారు. రైల్ మిల్లులో ఎనిమిది గంటలు ఆ చప్పుడు విని వచ్చాను, ఇంట్లో మీ ఇద్దరి చప్పుడు నాకు వినబడదు అంటారు.

దీనికి తోడు మీ అబ్బాయి. మెట్ల మీద నన్ను ఆపి, వెంకట్ భయ్యా పాఠం మొదలెట్టాడు. అత్తయ్యకి యాభై దాటాయి, ఉత్త గెంతుల్తో కొవ్వుతో పాటు కండ కూడా పోద్ది, కండ పోతే షుగర్ని తినేది ఎవరు, స్ట్రెంత్ చేయించవే, కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టు, గోడని తోయించు, నీళ్ళ బాటిళ్ళు ఎత్తించు అన్నాడు. నీ కండలు అద్దానికి చూపించుకో, మా అమ్మ కుస్తీకి వెళ్ళట్లేదు అన్నాను. కార్డియో చేస్తే చెమటే పోద్ది, ఆపిన రోజే బరువు తిరిగొస్తాది అన్నాడు. బరువులెత్తితే కాటా ముల్లు పైకే పోతుంది, డాక్టర్ కాటా చూస్తాడు గానీ కండ పిసికి చూడడు అన్నాను. అరగంట అరుచుకున్నాం. అమ్మ పాల ప్యాకెట్ పట్టుకుని మా ఇద్దరి మధ్య నించి, కొంచెం దారిస్తారేటమ్మా అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు అసలు రోజుకి వస్తాను. ఒక్కర్తే అయితే అమ్మకి ఉత్సాహం ఉండటం లేదని, ఆడవాళ్ళ కసరత్ మండలి పెట్టాను. పక్క బ్లాక్ సత్యవాణి గారూ, ఇంకో ఇద్దరూ వచ్చారు. మిమ్మల్నీ పిలిచాను. మీరు వచ్చి సోఫాలో కూచుని, నేను చూస్తాన్లే, మీరు గెంతండి అన్నారు. కదలకుండా కూచునే మీలాంటి వాళ్ళ వల్లే ఉద్యమాలు ఆగిపోతున్నాయి అని అందరి ముందూ అన్నాను. మీరు నవ్వారు. అమ్మని మధ్యలో నిలబెట్టి, నేను లెక్క పెడుతుంటే అందరూ గెంతారు. సగంలో అమ్మ టక్కున ఆగి కింద కూచుండిపోయింది. లే అమ్మా, గుండె వేడెక్కుతోంది, ఇప్పుడే ఆపకూడదు అని నేనంటూనే ఉన్నాను. మీరు లేచి, కళ్ళు తిరిగాయే దానికి, నోరుమూసుకో అని, మీ కొంగు అమ్మ నడుం చుట్టూ కప్పి మెట్లు దింపేశారు. గంట తర్వాత అమ్మ మీ చీర కట్టుకుని పైకొచ్చింది. టీ ఒలికిందట. అప్పటికి నా మండలి ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు నరసింగరావు గారు కాయితంతో వచ్చారు.

నాకు మండిపోయేది ఏటో తెలుసా అత్తా? ఆ ఫిర్యాదు చదివి అమ్మ పోట్లాడలేదు. పోన్లే, పెద్దాళ్ళతో గొడవెందుకు అంది. పైగా ఆ రాత్రి పాటలు పాడుకుంటూ చపాతీలు చేసింది. అన్యాయానికి ఇంతలా అలవాటు పడిపోయిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. నేను మీ గుమ్మం ముందు నిలబడి రోజూ అరిచాను. స్వార్థపరులన్నాను, మావయ్య నిద్రని అడ్డం పెట్టుకున్నారన్నాను, సోమరి అన్నాను. మీరు ఒక్కసారి మాత్రం తలుపు సందులోంచి, నీకు తెల్దు లేవే, పోయి అన్నం తిను అన్నారు. తెలియకపోతే చెప్పాలి కదా. తెలుసుకోవడం నా హక్కు.

వానాకాలం ఎంతో దూరం లేదు. కాటా ముల్లు ఉన్నచోటే ఉంది. అందుకని మీకు తెలియజేస్తున్నాను, రేపు సోమవారం సాయంత్రం ఆరింటికి మన బ్లాక్ మేడ మీద ఆడవాళ్ళందరం కలిసి గెంతుతాం. అందరికీ కబురు పెడుతున్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుని మీరూ రండి. రాకపోతే కింద మీ వంటింట్లో కూచుని మా చప్పుడు వినండి.

ఇట్లు,
న్యాయం వైపు ఉన్న మీ పై ఇంటి పిల్ల,
ఛాయ

తా.క.: సూర్యావతి అత్తా, తప్పులు దొరికితే నువ్వు ఎర్ర సిరాతో దిద్ది పంపిస్తావని, మడత పెట్టే ముందు ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. అమ్మ కూలర్ ముందు కూచుని బెండకాయలు తరుగుతోంది. సంతకం దాకా వింది. ఆ ఫిర్యాదు నేనే ఇమ్మన్నానే అంది.

నమ్మలేదు నేను. సూర్యావతత్త నీ చేత చెప్పిస్తోందా అన్నాను. అమ్మ నా వైపు చూడకుండా, బెండకాయలకే చెప్పింది. గెంతితే పట్టుకోలేకపోతన్నాను, చీర తడిసిపోతంది అంది. నేను పుట్టిన దగ్గర్నించీ ఉందట. తుమ్మితే కొంచెం, గట్టిగా నవ్వితే కొంచెం, గెంతితే ఆగదట. మండలి రోజు నలుగురి మధ్యలో అదే అయింది. చూసింది నువ్వొక్కదానివే. నేను లెక్క పెడుతున్నాను.

నాతో ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. ఎప్పుడు చెప్పనే, నువ్వు సందివ్వవు గదా అంది. నోటితో చెప్తే ఇది వినదు వదినా, కాయితం మీద సంతకంతో ఉంటే ఆగుతాది, ఏదో ఒకటి రాసి ఆపించు అని నిన్ను బతిమాలిందట. నిద్ర సాకు కూడా తనదేనట. ఆరింటికి మావయ్య టీ కొట్లో ఉంటాడని ఇద్దరికీ తట్టలేదట.

అంతటితో ఆపలేదు. సూర్యావతి వదినకీ అదే అవస్థ, వెంకట్ పుట్టిన కాడ్నించీ, అందుకే ఆ రోజు సోఫా దిగలేదు అంది. నువ్వు నా చేత అన్ని మాటలు పడి, స్నానాల వంకతో లోపల కూచున్నావు. రోజూ మధ్యాహ్నం పచ్చడి రుబ్బాలని అమ్మ నీ దగ్గరికి దిగేది, కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, గోడని తోయడం చెయ్యడానికేనట. వెంకట్ భయ్యా నీకు నేర్పాడట, నువ్వు అమ్మకి నేర్పావట. ఇంట్లో ఇన్నాళ్ళ పచ్చడి ఎక్కడుందని నేను ఒక్కసారీ వెతకలేదు.

నాకు కోపం తగ్గలేదు. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు, అంతే. ఆ కరపత్రం మళ్ళీ మొదటి నించీ చివరి దాకా చూశాను. గుండె ఉంది, ఊపిరితిత్తులున్నాయి, చెమట ఉంది. పిల్లల్ని కన్నవాళ్ళు ఎక్కడా లేరు. కార్డియోనా, స్ట్రెంతా అని నేనూ మీ అబ్బాయీ మెట్ల మీద అరుచుకున్నాం గానీ, పాల ప్యాకెట్ పట్టుకుని నిలబడ్డ మనిషిని ఇద్దరిలో ఒక్కరం అడగలేదు. ఫోన్లో వెతికితే నిమిషంలో దొరికింది, ఈ బాధ ఎందరికో ఉందట, దానికి లేడీ డాక్టర్లున్నారు, కసరత్తూ ఉంది. ఆ కసరత్తు కూడా కండకి బలం పెంచేదే. ఈ మాట వెంకట్ భయ్యాకి చెప్పకు, మెట్ల మీద నన్ను బతకనివ్వడు.

ఉత్తరం చింపెయ్యమంది అమ్మ. చింపను, అన్న మాటలు అన్నట్టే నీకు అందాలి. మేడ మీద సభ మాత్రం లేదు. రేపు మా ఇంటికి రా. నాన్న సెకండ్ షిఫ్టు, మగవాళ్ళెవరూ ఉండరు, తలుపులు వేసుకుందాం. సత్యవాణి గారినీ, ఆ ఇద్దరినీ నేనే వెళ్ళి పిలుస్తాను. గెంతడం ఉండదు. ముందు తన సంగతి తనే చెప్తానంది అమ్మ, నేను నోరు తెరవకూడదని షరతు పెట్టి. ఒప్పుకున్నాను. తర్వాత నువ్వు చెప్పు. డాక్టర్ దగ్గరికి ఎవరెవరం ఎప్పుడు వెళ్ళాలో అక్కడే అనుకుందాం. సోమవారం సాయంత్రం ఆరింటికి, మా ముందుగదిలో. అమ్మ పక్కన కూచోడానికి నువ్వు కావాలి, ఆలస్యం చెయ్యకు.