నీ చిత్తం నా ప్రాణం మీదికొచ్చింది

మర్యాదల పుట్ట గునాదీకి, క్లాతెన్ నుంచి మీ మామయ్య దీవించి, ఆపైన తిట్టి రాయునది.

కరెంటు పని చేస్తూ నిచ్చెన మీంచి "మెయిన్ ఆపావురా?" అని అడిగితే చేతులు కట్టుకుని "చిత్తం మామయ్యా" అన్నావు. పెద్దవాళ్లకి లేదని చెప్పకూడదని మా అక్క నేర్పింది కాబోలు. తీగ ముట్టుకోగానే ఎగిరి సిమెంటు బస్తాల మీద పడ్డాను. నా వేళాకోళమే అనుకుని మేస్త్రీలంతా చప్పట్లు కొట్టారు. నువ్వేమో ఇంటికి పారిపోయి, ఈ పని మానేస్తానంటున్నావట. మానేసి ఏం చేస్తావు? పెళ్లి గుమ్మాల్లో నిలబడి వచ్చినవాళ్లకల్లా వంగుతావా?

సోమవారం రా. మెయిన్ స్విచ్ నీకే అప్పగిస్తున్నాను. ఆపకపోతే "ఆపలేదు, ముట్టుకున్నావో చస్తావు ముసలోడా!" అని వీధంతా వినపడేలా అరువు. మర్యాద తక్కువైందని మీ అమ్మ అంటే, బతికుంటాను కనక, నేనే సమాధానం చెప్పుకుంటాను.