మేకుకు మిగిలిన ఆఖరి గాస్కెట్

తూర్‌స్టెయిన్ అన్నయ్యా,

నేను ఏడింటి ఫెర్రీకి వెళ్ళిపోతున్నాను. పడవ ఇంజన్ బిగించే ముందు ఇది చదువు.

హెడ్ గాస్కెట్ కొత్తదే వెయ్యి. రొట్టెల డబ్బా మీద పెట్టాను. పాతది ఒకసారి నలిగాక ఎంత పేస్టు పూసినా పట్టదు, సందుల్లోంచి కారుతుంది. రాగి వాషర్లు మాత్రం పారెయ్యకు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడతాయి, మళ్ళీ వాడుకోవచ్చు. బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి మూడు విడతలుగా బిగించు. కోపం వచ్చినట్టు ఒకేసారి బిగించెయ్యకు.

నిరుడు షెడ్డులో మేకుకు వేలాడే పాత గాస్కెట్లలోంచి ఒకటి తీసి వేశావు. ఫ్యోర్డ్ నీళ్ళ మధ్యలో అది కారి ఇంజన్ ఆగిపోతే, నాన్న ఆ నొప్పి భుజంతోనే గంటన్నర తెడ్డు వేశాడు. నువ్వేమో "మా రాగ్‌హిల్డ్ డీజిల్ పొయ్యడం మర్చిపోయింది" అని ఊరంతా చెప్పుకొచ్చావు. ఆ మాట నేనింకా మర్చిపోలేదు.

శనివారం నాన్న అస్థికలు కలపడానికి ఆ పడవలోనే వెళ్ళాలి. ఈసారి తెడ్డు వెయ్యడానికి నాన్న లేడు.

– రాగ్‌హిల్డ్

మేకుకు మిగిలిన ఆఖరి గాస్కెట్ కోసం వెతక్కు. దాని మీద నాన్న పెన్సిల్‌తో "ఇంకా పనికొస్తుంది" అని రాశాడు. చూస్తే నువ్వు వేసేస్తావు. అందుకే నా సంచీలో పెట్టుకుపోతున్నాను. తిరిగి ఇవ్వను.