ఎండాకాలంలో ఉన్ని కోటు

శ్రీవారికి,

నమస్కారాలతో మీ ఇంటావిడ రాసేది. ఇక్కడ నేనూ, అత్తయ్యా, నా కుట్టు మిషనూ క్షేమం. మీరు వేళకు తింటున్నారనే అనుకుంటాను. తినడం లేదని తెలిస్తే అత్తయ్యకు చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మీరడిగారు కనుక: అత్తయ్య మోకాలు నయం. మెట్లు దిగి, పక్కింటావిడతో గొడవపడి, మళ్లీ ఎక్కి వస్తోంది. వంటింటి కుళాయి నేనే బిగించాను. మీ కవిత అందింది.

మా కుట్టు కంపెనీలో కాలాలు ముందే వచ్చేస్తాయని మీకు తెలుసు కదా. బయట ఎండ మాడ్చేస్తుంటే మేం చలికాలానికి ఉన్ని కోట్లు కుడుతున్నాం. ఆ ఉక్కలో మీ కవిత విప్పాను. "మబ్బా, రా, నా దాహం తీర్చు" అన్నారు. కొండమీద మంచులో వంతెన కట్టే మనిషికి దాహమేమిటండీ? "కోయిలా, వచ్చి నా కిటికీలో వాలు" అన్నారు. "వెన్నెలా, తలుపు తీసే ఉంచాను" అన్నారు. అక్కడ నాకు ఏడుపొచ్చేసింది. ఆ ధ్యాసలో చేతిలో ఉన్న కోటుకి రెండువైపులా ఎడమ చేతులే కుట్టేశాను.

కటింగ్ మాస్టారు దాన్ని పైకెత్తి చూపించి, "ఎవరమ్మా ఈ మహానుభావుడు?" అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. "ఇది అమ్మకానికి పనికిరాదు, విప్పి నువ్వే ఏదో ఒకటి చేసుకో" అని ఇచ్చేశారు.

ఇంటికొచ్చి అత్తయ్యకు కవిత చదివి వినిపించాను, తలుపు సంగతి మాత్రం మింగేసి. అంతా విని, "మబ్బుని పిలిచాడు, పిట్టని పిలిచాడు. పెళ్లాన్ని పిలవడానికేం రోగం వాడికి?" అంది. నవ్వాను గానీ గుచ్చుకుంది. మళ్లీ చదివాను. నేను లేని దిగులు కాగితం నిండా ఉంది. నన్ను రమ్మన్న మాట ఒక్కచోట కూడా లేదు.

మీ భయం నాకు తెలుసు. గది ఇరుకు, చలి ఎక్కువ, నేను తట్టుకోలేనని. అత్తయ్య గురించి బెంగ వద్దు, వదినగారింట్లో ఉంటానంటోంది. అక్కడ మెట్లు లేవు, గొడవకి రెండువైపులా పక్కిళ్లున్నాయట.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు చెప్తున్నాను. ఆ కోటు విప్పి నా కొలతకు కుట్టుకున్నాను. ఈ ఎండలో తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది. విప్పబుద్ధి కాలేదు.

ఈసారి కవిత వద్దండీ. మబ్బునీ కోయిలనీ వాటి పనిమీద వాటిని పోనివ్వండి. నాకు "రా" అని రాయండి. ఆ ఒక్క అక్షరం చాలు.

ఇట్లు,
కోటు మడిచి పెట్టెలో పెట్టుకున్న
మీ ఇంటావిడ